పుణ్యవతి అన్న మాట

నేను ఒక జాడపెట్టెను. నా పుట్టుక సంగతి తర్వాత చెబుతాను గానీ, ముందు పుణ్యవతి భయం ఏమిటో చెప్పాలి. ఆమెకు అన్నిటికంటే భయం ఒకటే. తన మొగుడు మంచు కింద ఊపిరితో ఉండగా, పైన నిలబడ్డ మనుషులు ఎక్కడ తవ్వాలో తెలియక తచ్చాడుతూ ఉండిపోవడం. చావంటే ఆమెకు అంత భయం లేదు. బతికుండి దొరక్కపోవడమే భయం. పాప పుట్టిన దగ్గర్నుంచి అది మరీ ముదిరింది. దుప్పటి మూతి మీద పడిందేమోనని నిద్రలో కూడా చెయ్యి చాచి చూసుకునే తల్లికి, కొండంత దుప్పటి మీద తిరిగే మొగుడుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

ఇక నా సంగతి. అరచేతిలో పట్టేంత ఉంటాను. నారింజ రంగు ఒళ్లు, చిన్న అద్దం, ఒక మీట, గుండెకు అడ్డంగా కట్టుకునే పట్టీలు. లిఫ్టులూ జెండాలూ కాపలావాళ్లూ ఉండే స్కీ మైదానంలో నాతో పని లేదు. వాటిని దాటి, వెనక కొండల్లోకి సొంతంగా ఎక్కి జారాలనుకునేవాళ్లకే నా అవసరం. నాకు వచ్చిన పనులు రెండే. మీట ఒకవైపు ఉంటే ఆగకుండా కూస్తాను. "ఇక్కడున్నాను, ఇక్కడున్నాను" అని. ఆ కూత మనుషుల చెవికి వినపడదు, నాలాంటి పెట్టెలకే వినపడుతుంది. మీట రెండోవైపు తిప్పితే కూత మానేసి వింటాను. ఎక్కడో మంచు కింద ఇంకో పెట్టె కూస్తుంటే అటువైపు బాణం గుర్తు చూపించి, ఎంత దూరమో అంకె వేస్తాను. కొండ మీది మంచు విరిగి మీద పడి ఒక మనిషి కూరుకుపోయినప్పుడు, పైన మిగిలినవాళ్లంతా తమ పెట్టెల కూత ఆపి వినడం మొదలుపెట్టాలి. ఉన్నదల్లా అంతే. అందరూ ఒకేసారి అరిస్తే ఏడ్చే పిల్ల ఏ గదిలో ఉందో తెలియదని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పెద్ద చదువులు చదివినవాళ్లకే అది ఎందుకో పట్టదు.

నేను పుట్టింది చాలా దూరాన, చలిదేశంలోని ఒక కర్మాగారంలో. నా చివరి మర బిగించింది ఒక ఆడమనిషి. ఇంకో పెట్టెకు నా కూత అందుతోందని చూసుకుని, తలూపి అట్టపెట్టెలో పెట్టింది. నాతోపాటు ఒక పుస్తకం కూడా పెట్టారు. అందులో ఎన్నో భాషలున్నాయి, తెలుగు లేదు. ఉన్నా ఒకటే అనుకోండి, ఆ పుస్తకం తెరిచిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నన్ను మొదట కొన్నవాడు ఆరడుగుల తెల్లమనిషి. పెద్ద పెద్ద కొండలు జారతానని హిమాలయాల్లోని సోనధార్ అనే చిన్న ఊరికి వచ్చాడు. వచ్చిన వారంలోనే హోటల్ మెట్ల మీద కాలు జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. తన సామాను మొత్తం దీవాన్ సింగ్ రావత్ దుకాణంలో వదిలించుకుని కర్రల మీద వెళ్లిపోయాడు. దీవాన్ సింగ్ స్కీలు, బూట్లు, కోట్లు అద్దెకిస్తాడు. ఆనాటి నుంచి నేను అద్దె సరుకునయ్యాను.

అద్దెకు తీసుకున్నవాళ్ల గురించి చెప్పాలంటే చాలా ఉంది. కొత్త పెళ్లికొడుకు ఒకడు నాలోంచి పాటలు వస్తాయా అనడిగాడు. ఒకావిడ పిల్లాడు ఏడుస్తుంటే ఆడుకోమని నన్ను చేతికిచ్చింది, వాడు నా పట్టీ అంతా చీకి పెట్టాడు. ఒక బృందం నాలో బ్యాటరీలు లేవని కొండ దిగి వచ్చాక చూసుకుంది. చూసుకుని ఒకరి వీపు ఒకరు చరుచుకుని నవ్వుకుంది. వీళ్లందరిలో ఒకటి గమనించాను. నన్ను గుండెకు కట్టుకోగానే మనుషులకు ఎక్కడలేని ధైర్యం వస్తుంది. నేను మంచును ఆపను. విరిగిపడే కొండకు అడ్డం నిలబడను. అంతా అయిపోయాక, ఇదిగో ఇక్కడ తవ్వండి అని మాత్రం చెబుతాను. గొడుగుంది కదా అని ఏరు దాటబోయినట్టుంటుంది వీళ్ల యవ్వారం.

అలా చేతులు మారుతూ మారుతూ తవిటినాయుడి గుండె మీదికి చేరాను.

నాయుడిది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్క పల్లె. మంచన్నది సినిమాల్లో తప్ప చూడనివాడు సైన్యంలో చేరి, వాళ్లు నేర్పితే స్కీల మీద నిలబడటం నేర్చుకున్నాడు. ఆ విద్య ఎంత నచ్చిందంటే, సైన్యం నుంచి బయటికొచ్చాక కూడా ఊరికి తిరిగి వెళ్లలేకపోయాడు. దీవాన్ సింగ్ దగ్గర కొండదారి చూపించే గైడుగా కుదురుకున్నాడు. పెళ్లాం పుణ్యవతినీ, జున్ను అని పిలుచుకునే మూడేళ్ల కూతురినీ తెచ్చుకుని, రగ్గుల దుకాణం మీద ఒక గదిలో కాపురం పెట్టాడు. నన్ను దుకాణంలో వదలకుండా రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు. అలా నాకు మొదటిసారి ఒక ఇల్లు దొరికింది.

పుణ్యవతి నన్ను మొదటిసారి చూసినప్పుడు "ఏటిది మావా?" అంది. వరసకు మేనమామ కొడుకైనా, వాళ్ల వైపు మొగుణ్ని మావా అనే పిలుస్తారు.

"బీకనే. మంచులో తప్పిపోతే జాడ చెప్తాది."

"బీకామా?"

"బీకాం కాదే, బీకన్!"

"నాకలగే ఇనపడింది. నేను పదిలోనే బడి మానీసినాను. నా మొగుడు సూస్తే బీకాం మెళ్లో ఏసుకు తిరగతన్నాడు," అని పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు బీకామే. "మావా, బీకాం పెట్టుకున్నావా?" అని అడక్కుండా ఒక్క పొద్దు కూడా గడప దాటనిచ్చేది కాదు.

పదిలో ఉండగా ఆమె తండ్రి జీడిపప్పు బట్టీ దగ్గర ఒళ్లు కాలి మంచాన పడ్డాడు. పిల్ల బడి మాని అదే బట్టీలో కూర్చుని పప్పు ఒలిచింది. చదువు లేదన్న బాధ ఆమెకు పంటి కింద రాయిలా ఎప్పుడూ ఉండేది. అయితే ఆమెకు తెలివి తక్కువ లేదు. అర్థం కానిది విడిచిపెట్టే రకమూ కాదు. మంచు ఎందుకు విరిగిపడుతుందో చెప్పమని నాయుణ్ని వేధించి మరీ చెప్పించుకుంది.

"పళ్లెంలో పంచదార పోసి, దాని మీద అట్టు పెట్టి, పళ్లెం వంచినావనుకో. ఏటవుద్ది?" అన్నాడతను.

"అట్టు జారి కింద పడిపోద్ది."

"అదే. పాత మంచు చలికి పంచదారలాగ పొడిపొడిగా అయిపోద్ది. దాని మీద గాలి కొత్త మంచు తెచ్చి పలకలాగ పేరుస్తాది. దాని మీదకి మనిషి ఎల్లినాడంటే పలకంతా ఒక్కపాలి విరిగి జారిపోద్ది."

"పళ్లెం వంచకపోతే?"

"వంచకపోతే ఏటీ అవదు. అందుకే పెద్ద మంచు పడి గాలేసినాక, ఏటవాలు ఎక్కువున్న చోటకి ఎల్లకూడదు. దాని కిందన కూడా నిలబడకూడదు."

"మరైతే వాలు తక్కువున్న చోటే తిరుగు మావా. ఎవులొద్దన్నారు?"

"సార్లు ఒద్దంటారు," అని నాయుడు నవ్వాడు. "వాలు నేకపోతే ఆళ్లకి మజా ఉండదటే."

ఆమె నవ్వలేదు. మర్నాడు దీవాన్ సింగ్ దుకాణం నుంచి ఇంకో పెట్టె అడిగి తెప్పించుకుంది. నన్ను పరుపుల మధ్యో, బియ్యం సంచిలోనో దాచమని నాయుడికి చెప్పి, రెండో పెట్టె మీట వినే వైపుకు తిప్పి, గది నాలుగు మూలలా వెతికేది. బాణం ఎటు చూపిస్తే అటు వంగి, అంకె తగ్గుతున్నకొద్దీ చెయ్యి నేలకు దించి, చటుక్కున నన్ను బయటికి లాగేది. "దొరికింది బీకాం!" అని జున్ను చప్పట్లు కొట్టేది. చూస్తుండగానే ఆమె చెయ్యి ఎంత తిరిగిపోయిందంటే, నాయుడు కూడా "నాకంటే నువ్వే బేగి పట్టీస్తున్నావే పున్నీ" అన్నాడు. ఆ మాటకు ఆమె ముఖం వెలిగింది. కానీ కొండెక్కేటప్పుడు అతనితో వెళ్లేది ఆమె కాదు కదా. వేరేవాళ్లు.

ఆ చలికాలం మధ్యలో హైదరాబాద్ నుంచి ఫణీంద్ర, అతని భార్య మేఘన వచ్చారు. ఇద్దరూ బయటి దేశాల్లో లిఫ్టులున్న మైదానాల్లో స్కీయింగ్ నేర్చుకున్నవాళ్లు. గైడు తెలుగువాడని తెలిసి ఎగిరి గంతేశారు. "అన్నీ మన భాషలో అడిగి తెలుసుకోవచ్చు నాయుడన్నా, అదే పెద్ద సేఫ్టీ," అన్నాడు ఫణీంద్ర. ఆ మాట నాకిప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

వాళ్లు వచ్చేసరికి ఎడతెరిపి లేకుండా మంచు పడుతోంది, పైగా ఈదురుగాలి. గాలి తగ్గిన సాయంత్రం నాయుడు వాళ్లను దుకాణం వెనక పెరట్లోకి పిలిచాడు.

"రేపు ఎల్లే ముందర ఒకపాలి ఎతకడం ప్రాక్టీసు సేద్దాం సార్. నేనొక పెట్టె మంచులో పాతీస్తాను, మీరు తియ్యాల."

"యూట్యూబ్‌లో చూశాం అన్నా, బ్రహ్మాండంగా వచ్చు," అన్నాడు ఫణీంద్ర చేతులు రుద్దుకుంటూ. "ముందు వేడిగా ఏదైనా పెట్టించు. చచ్చిపోతున్నాం చలికి."

నాయుడు మెతకమనిషి. సరేనని ఇంటికి తీసుకొచ్చాడు. పుణ్యవతి పెసరట్లు వేసింది. ఇద్దరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. పెనం మీద నుంచి అట్టు తీస్తూ ఆమె మేఘనను అడిగింది.

"అమ్మా, ఈ పెట్టె కూత నుంచి ఎతకడంలోకి తిప్పడం తెలుసునా మీకు? ఇద్దరూ తిప్పాల. ఒకలు మర్సిపోయినా పనవదు."

మేఘన ఏదో అడగబోయింది. ఈలోగా ఫణీంద్ర అందుకున్నాడు. "పుణ్యవతిగారూ, మీ ఆయన్ని మేం వెతకడమేంటండీ? గైడ్ ఆయన. మేం పడితే ఆయన వెతుకుతాడు!"

అందరూ నవ్వారు. నాయుడు కూడా నవ్వాడు. ఆమె ఒక్కతే అట్ల కాడ పట్టుకుని నిలబడిపోయింది. కొండ మీద అందరికంటే ముందు కాలు పెట్టేది గైడేనన్న సంగతి ఆ గదిలో ఆమెకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు.

తెల్లారేసరికి ఆకాశం కడిగిన గాజుగిన్నెలా ఉంది. మనుషులను మోసం చేసేది ఇలాంటి ఉదయాలే. తుఫాను అయిపోయింది, ఇక భయం లేదనుకుంటారు. అసలు భయం అప్పుడే మొదలవుతుంది. పడిన మంచంతా కొండ మీద ఇంకా సర్దుకోకుండా, కొత్త కోడలిలా అంచు మీద కూర్చుని ఉంటుంది. అటవీశాఖ గేటు దగ్గర ఒక నల్లబోర్డు ఉంటుంది. కొండ మీద మంచు ఎలా ఉందో రోజూ దాని మీద సుద్దతో రాస్తారు. మేం గేటు దాటే వేళకు కాపలాదారు ఇంకా రాలేదు, బోర్డు ఖాళీగా ఉంది.

"ఒక్క అరగంట ఆగుదాం సార్, బోర్డు సూసి ఎల్దాం," అన్నాడు నాయుడు.

"ఎండెక్కితే మంచు మెత్తబడిపోతుంది అన్నా," అన్నాడు ఫణీంద్ర. మళ్లీ సరేనన్నాడు నాయుడు.

ఎక్కి ఎక్కి శిఖరం కింద ఒక గట్టు మీదికి చేరాం. ఎదురుగా వెడల్పాటి ఏటవాలు. అడుగు జాడ ఒక్కటీ లేకుండా, ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటిలా ఉంది. నిన్నటిదాకా వీచిన గాలి అవతలి వైపు నుంచి మంచును ఎత్తుకొచ్చి ఇక్కడే పేర్చింది. నాయుడు గట్టు అంచు మీద అడుగు వేశాడు. కింద ఎక్కడో "గుప్" అని చప్పుడైంది. డొల్లగా ఉన్న గచ్చు మీద బరువైన బిందె దించితే వచ్చే చప్పుడది. స్కీ మొనల దగ్గర నుంచి సన్నని బీట ఒకటి చరచరా పాకింది. అతని గుండె వేగం పెరగడం నాకు తెలిసింది. నేనుండేదే దాని మీద.

"ఇటు మంచిగ నేదు సార్. దేవదారు చెట్ల వైపు నుంచి తిరిగి దిగిపోదాం," అన్నాడు.

"అటు స్కీయింగ్ ఎక్కడుంది అన్నా? నడకేగా!" అని ఫణీంద్ర మొహం ముడుచుకున్నాడు. నాయుడు వాలు వైపూ చెట్ల వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను అతని ఊపిరి లెక్క కట్టుకుంటున్నాను. చెట్ల వైపే తిరుగుతాడనుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

కింద జరిగిన సంగతి నేను తర్వాత పుణ్యవతి నోటనే విన్నాను. జున్నుకు పాలు తేవడానికి గేటు వైపు వెళ్లిందట. కాపలాదారు అప్పుడే బోర్డు మీద రాసి లోపలికి వెళ్లిపోయాడు. హిందీ అక్షరాలు ఆమె బస్సుల మీదా, దుకాణాల మీదా చూసి తనకు తానే కూడబలుక్కుని నేర్చుకుంది. "హిమ" వరకూ చదివింది. తర్వాతి మాట "స్ఖలన్". ఆ ఒత్తు దగ్గర ఆగిపోయింది. కింద ఎర్ర సుద్దతో గీత గీసి ఉండటం చూసింది. ఫోను పైకెత్తి ఫోటో తీసి, తెలుగులో చెప్పమని ఫోనునే అడిగింది. ఫోను చెప్పింది: "హిమపాతం ప్రమాదం ఎక్కువ."

ఆ మాట ఆమెకు బాగా తెలుసు. సైన్యంలో మొగుడున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. "హిమపాతంలో జవాన్ల మృతి" అని టీవీలో ఎర్ర అక్షరాలు పరిగెత్తినప్పుడల్లా ఆమె అన్నం పళ్లెం పక్కకు నెట్టేసేది. వెంటనే ఆ ఫోటో మొగుడికి పంపింది. అది వెళ్లకుండా తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఇక ఆగలేక ఫోను చేసింది.

"మావా! హిమపాతం అంట! బోర్డు మీద రాసీసినారు. శానా ఎక్కువంట, ఎనక్కొచ్చీ!"

గట్టు మీద గాలి. మాటలు ముక్కలు ముక్కలుగా వినబడుతున్నాయి.

"హిమపాతమా? తెలుసునే. సాయంత్రానికి మల్లీ పడతాదనీసి సెప్పినారు. అప్పటికి దిగిపోతాం," అన్నాడు నాయుడు.

"సాయంత్రమేటి మావా! ఇప్పుడే పడతాదంట!"

"పడనీయే. పడితే మంచిదే గదా, సార్లు సంబరపడతారు."

"సంబరమేటి! నీకేటైనా మతి పోనాదా? హిమపాతం మావా, హిమపాతం!"

"ఇనపడింది లేవే పున్నీ. బయ్యపడకు. జున్నుకి పాలు పట్టు."

ఫోను తెగిపోయింది.

అర్థమైందా మీకు? సైన్యంలో ఏళ్ల తరబడి హిందీలో బతికిన మనిషి నాయుడు. హిందీలో హిమపాత్ అంటే మంచు కురవడం. కొండ మీది మంచు విరిగిపడటానికి అక్కడ హిమస్ఖలన్ అని వేరే మాట ఉంది, ఆ మాట దగ్గరే ఆమె నాలుక ఆగిపోయింది. తెలుగు పేపర్లూ టీవీలూ మెల్లగా రాలే మంచుకూ, మనిషిని మింగే మంచుకూ కలిపి ఆ ఒక్క మాటే వాడతాయి. ఆమె అన్నది సరైన మాటే. అతను విన్నదీ సరైన మాటే. పెళ్లాం మొగుళ్లు, ఒక పల్లెవాళ్లు, ఒకే మాట ఇద్దరూ గొంతు చించుకుని అనుకున్నారు. ఒకరు ఏడుస్తూ, ఒకరు నవ్వుతూ.

"ఏమంటున్నారన్నా మీ మేడం?" అన్నాడు ఫణీంద్ర.

"హిమపాతం అంటంది సార్. స్నోఫాల్."

"హిమపాతం కోసమేగా అన్నా ఇంత దూరం వచ్చింది!"

నాయుడు నవ్వాడు. బోర్డు మీద రాసినది మంచు కురుస్తుందన్న కబురే అయితే, ఇంకో మాట రాయలేదనేగా అర్థం అనుకున్నాడు. ఆ ఊరట అతని ఛాతీలో నాకు తెలిసింది. చెట్ల వైపు చూడటం మానేశాడు. అయినా పద్ధతి తప్పలేదు. "ఒకొక్కలమే దాటాల. నేను ముందెల్తాను. అటు సేరి సెయ్యెత్తితే అప్పుడు రండి," అన్నాడు.

వాలు మధ్యకు వెళ్లాం. పాత బట్టను నిలువునా చింపినట్టు పైన ఒక చప్పుడు. తెల్లటి నేలంతా పలకలు పలకలుగా విరిగి నడవడం మొదలుపెట్టింది. నాయుడు పక్కకు తప్పించుకోవాలని చూశాడు. తర్వాత ఏది పైనో ఏది కిందో తెలియలేదు. అన్నీ ఆగాక గట్టిపడిపోయింది. మంచు మెత్తగా ఉంటుందనుకుంటారు మీరు. ఆగిన మరుక్షణం అది పోతపోసిన సిమెంటు. అతని చేతులు ఎక్కడివక్కడే బిగిశాయి. ముఖం ముందు పిడికెడంత ఖాళీ ఉంది. ఊపిరి ఆడుతోంది.

ఇక నా పని. ఇక్కడున్నాను, ఇక్కడున్నాను.

టీ కాచుకుని తాగేంత సేపట్లో బయటికి తీస్తే చాలామంది బతుకుతారు. ఆ పైన బతికేవాళ్లు తక్కువ. పైన ఇద్దరూ ఏ గాయమూ లేకుండా నిలబడి ఉన్నారు. పారలున్నాయి, గుచ్చి చూసే పొడవాటి కడ్డీలున్నాయి. మేఘన మీట వినే వైపుకు తిప్పింది. ఫణీంద్ర పార తీసుకుని "నాయుడన్నా! నాయుడన్నా!" అని అరుస్తూ ఆమె ముందు పరిగెత్తాడు. తన గుండె మీది పెట్టె మీట తిప్పలేదు. అది కూస్తూనే ఉంది.

మేఘన చేతిలోని పెట్టెకు ఏం తెలుసు పాపం? దగ్గరున్న కూత పట్టుకుంది. బాణం ఫణీంద్ర వైపు తిరిగింది.

"అంకె తగ్గుతోంది ఫణీ! అక్కడే, నువ్వున్న దగ్గరే! తవ్వు!"

అతను తవ్వాడు. చెమటలు కక్కుకుంటూ నడుము లోతు తవ్వాడు. ఏమీ లేదు. "ఇటు కాదేమో," అని పక్కకు జరిగాడు. బాణం కూడా జరిగింది. "ఇప్పుడక్కడ చూపిస్తోంది!" మళ్లీ తవ్వాడు. ఏటవాలు మీద బతికున్న ఇద్దరు మనుషులు ఒకరినొకరు వెతుక్కుంటున్నారు, మళ్లీ మళ్లీ కనుక్కుంటున్నారు. వాళ్ల అడుగుల చప్పుడు ఒకసారి మా నెత్తి మీదుగానే వెళ్లింది. బియ్యం సంచిలో నుంచి నన్ను చటుక్కున లాగే చెయ్యి ఒకటుంది. ఆ చెయ్యి ఆ వేళ కొండ కింద, పాలగిన్నె ముందు, వెళ్లని ఫోటోను మళ్లీ మళ్లీ నొక్కుతోంది.

చాలాసేపటికి మేఘన కెవ్వున అరిచింది. "ఫణీ! నీది... నీది తిప్పలేదా నువ్వు?"

తిప్పాక బాణం నేరుగా మా దగ్గరికి తెచ్చింది. నా కూతలో లోపం లేదు. వాళ్లు తవ్వి తీసేసరికి టీ కాదు, ఎసరు పెట్టి అన్నం వండి వార్చేంత సేపు గడిచిపోయింది. నా కింద ఉన్న ఛాతీ అప్పటికే ఆగింది. ఎప్పుడాగిందో నాకు మాత్రమే తెలుసు. వాళ్లు మొదటి గుంత వదిలి రెండో గుంత మొదలుపెట్టినప్పుడు.

ఆ తర్వాత కూడా నేను కూస్తూనే ఉన్నాను. మోసుకుంటూ కిందికి తెచ్చినంత దూరమూ, దుకాణం ముందు బల్ల మీద పడుకోబెట్టేదాకా. దీవాన్ సింగ్ వంగి మీట కట్టేశాడు. మర్నాటి నుంచి వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, "ఇది కచ్చితంగా పనిచేస్తుంది, మొన్ననే తేలింది," అని చెప్పడం మొదలుపెట్టాడు.

విచారణకు వచ్చిన అధికారి ముందు ఫణీంద్ర ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాడు: "నాయుడుగారే ముందు వెళ్తానన్నారు. వాళ్లావిడ ఫోన్ చేశారు సార్. స్నో పడుతుందని చెప్పారు, అంతే. ఇంకే ప్రమాదం గురించీ అనలేదు." అబద్ధం చెప్పలేదు, తను విన్నదే చెప్పాడు. తన మీట సంగతి అతన్ని ఎవరూ అడగలేదు. మేఘన నేల చూస్తూ కూర్చుంది. పుణ్యవతి నోరు తెరిచింది. "నేను హిమపాతమనే సెప్పినాను బాబూ," అంది. అధికారి హిందీవాడు. "హా, హిమపాత్," అని తలూపి రాసుకున్నాడు.

ఊళ్లో కర్మలు చేయించడానికి వెళ్లినప్పుడు అత్తగారు నలుగురి ముందూ అంది. "పొద్దున్నే నోటితో అనీసినావు గదే. ఎల్లినోడికి ఎనక నుంచి ఫోన్ సేసి అలాటి మాట అంటారేటే ఎవులైనా? నీ నోరే తగిలింది నా కొడుక్కి." ఆ మాట పడలేక పుణ్యవతి పిల్లను ఎత్తుకుని మళ్లీ సోనధార్‌లో రగ్గుల దుకాణం మీది ఆ గదికే వచ్చేసింది. దీవాన్ సింగ్ దుకాణంలో చినిగిన చేతి తొడుగులు కుట్టే పని ఇచ్చారు. నేను వేలాడే మేకు కిందే కూర్చుని కుట్టేది. ఇవన్నీ నాకు తెలిసింది అలాగే. పక్కన వినేవాళ్లు లేనప్పుడు ఆమె పిల్లకు చెబుతున్నట్టుగా అన్నీ చెప్పుకునేది.

"పది గట్టెక్కుంటే ఆ మాట సదవగలిగీదాన్ని జున్నూ. సదవనేకపోయాను. తప్పు మాట సెప్పీసినాను మీ నాన్నకి."

పని లేనప్పుడు దుకాణం అద్దం మీద పేరుకున్న దుమ్ములో వేలితో ఆ హిందీ ఒత్తు రాసుకునేది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. జున్ను అదేదో ఆటనుకుని అరచేత్తో తుడిచేసేది.

తప్పు మాట కాదమ్మా అని చెప్పాలని నాకెంత ఉండేదో. నాకున్న గొంతు మంచు కింద పడ్డవాళ్ల కోసం చేసింది. పక్కన కూర్చుని కుమిలిపోయే మనిషికి అది వినపడదు.

ఇప్పుడు నన్ను ఢిల్లీ కుర్రాడొకడు అద్దెకు తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే అతని గుండె మీద రగ్గుల దుకాణం ముందు నుంచి వెళ్తున్నాను. కొద్దిరోజులుగా పుణ్యవతి తొడుగులు కుట్టడానికి రావడం లేదు. "ఊరెళ్లిపోయి ఉంటుంది," అన్నాడు దీవాన్ సింగ్, మెట్లెక్కి చూడకుండానే. వెళ్లలేదు. తలుపు బయట ఆమె చెప్పులూ, వాటి పక్కన పిల్ల చెప్పులూ అలాగే ఉన్నాయి, వాటి మీద మంచు పేరుకుని ఉంది. తీగ మీద ఆరేసిన చిన్న గౌను బిగుసుకుపోయి అట్టముక్కలా గాలికి కొట్టుకుంటోంది, ఎవరూ తీయలేదు. పట్టపగలు కూడా లోపల దీపం వెలుగుతోంది. పాలవాడు పెట్టిన గిన్నె నిన్న కూడా మెట్టు మీదే ఉంది, ఇవాళ కూడా ఉంది.

మీలో ఎవరైనా ఆ వైపు ఉంటే, దయచేసి ఇవాళే ఆ మెట్లెక్కండి. మీకు దారి కుదరకపోతే అక్కడున్నవాళ్లకు ఎవరికైనా ఫోను చేసి ఎక్కించండి. తలుపు గట్టిగా తట్టండి. తీయకపోతే తోసెయ్యండి. తీస్తే, ఆమెతో తెలుగులో మాట్లాడండి, ముందు అన్నం తిన్నావా తల్లీ అని అడగండి. పిల్ల ఎలా ఉందో కళ్లారా చూసి రండి.